ముప్పది వారముల కథ, ఆరు సంవత్సరముల దేహము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఎన్.బి.సి. అను టెలివిజన్ సంస్థ 2004 అక్టోబరులో ఒక పోటీకార్యక్రమమును ప్రారంభించినది. దాని పేరు 'ది బిగ్గెస్ట్ లూజర్'. ఆంగ్లమున లూజర్ అనగా ఓడినవాడనియు, పోగొట్టుకొన్నవాడనియు రెండర్థములు కలవు. ఈ పోటీలో అందరికంటె మిక్కిలిగా బరువును పోగొట్టుకొన్నవాడే గెలిచినవాడు. పేరులోని యీ శ్లేష మన యాలంకారికులకు రుచింపదగినదే. స్థూలకాయులైన స్త్రీపురుషులు కొందరు కాలిఫోర్నియాలోని యొక విడిదిలో చేరి, శిక్షకుల యాజ్ఞకు లోబడి దినమునకు పలుగంటలు వ్యాయామము చేయుచు, అల్పాహారముతో కాలము గడుపుచు, వారమునకొక పర్యాయము ప్రేక్షకుల యెదుట త్రాసు నెక్కుదురు. తమ శరీరభారములో తక్కువ పాలు తగ్గినవారికి ఇంటికి మరలిపోవలసిన గండము తటస్థించును. తుదివరకు నిలిచి నెగ్గినవారికి 2,50,000 డాలర్ల బహుమానము. ఎన్.బి.సి.లో ఈ కార్యక్రమము 2016 వరకు సాగి నిలిచిపోయినది. 2020లో వేరొక సంస్థ దానిని పునరుద్ధరించి యొక్క వరుసతో ముగించినది. పెక్కుదేశములు దీని ననుకరించి స్వంత పోటీలను నడపినవి. 2007లో మన దేశమున హిందీలో 'బిగ్గెస్ట్ లూజర్ జీతేగా' యను పేర దీని రూపాంతరము సహారా వన్‌లో ప్రసారమైనది.

ఈ కార్యక్రమపు గుణదోషములను లెక్కించుట మా యుద్దేశము గాదు. అది చూపరుల మనస్సులో నాటిన యొక కొలతను పరిశీలించుటయే మా యుద్దేశము. మానవదేహము ఎంత కాలములో ఎంత తగ్గవచ్చును? తగ్గినది నిలుచునా? ఎంత తగ్గినచో దానిని తగ్గుట యనవచ్చును? ఈ ప్రశ్నలకు వైద్యశాస్త్రము చెప్పు సమాధానమొకటి, త్రాసు రంగస్థలమైన యీ నాటకము చెప్పు సమాధానము వేరొకటి. ఇట్టి విషయము తెలుగుశాఖవారి పత్రికలో ఏల యని చదువరులు ప్రశ్నింపవచ్చును. కథనము కాలమును ఎట్లు కుదించును, కుదించిన కాలమును శ్రోత నిజకాలముగా ఎట్లు స్వీకరించును అనునది కథాసాహిత్యమును బోధించు మనకు నిత్యపరిచితమైన సమస్య. ఇచ్చట ఆ సమస్య కాగితముపై నుండక మనుష్యుల దేహములపైకి దిగినది. అదియే మా జిజ్ఞాసకు కారణము.

మొదట మాటను గూర్చి ఒక మాట. 'లావు' అను పదమునకు మన ప్రాచీనకావ్యభాషలో బలము, శక్తి యని యర్థము. నేటి వాడుకలో అది స్థూలత్వమును మాత్రమే చెప్పుచు, పలుతావుల నిందార్థకముగా కూడ మారినది. 'ఒళ్ళు చేసినాడు' అని పల్లెటూరి పెద్దలు అనునప్పుడు అందులో కొంత మెప్పు కలదు. 'చిక్కినావు' అన్నప్పుడు జాలి కలదు. ఏమి జబ్బు చేసినదో యను భయము కలదు. కఱవులను, విషజ్వరములను చూచిన జాతి భాషలో సన్నబడుట శుభసూచకము కానేరదు. ఈ పాతమాటలన్నింటిని త్రోసిరాజని 'బరువు తగ్గుట' యను క్రొత్త పలుకుబడి నేడు వాడుకలోనికి వచ్చినది. దీని యందొక విశేషము కలదు. చిక్కుట దేహమునకు సంభవించునది. బరువు తగ్గుట మనిషి చేయునది. మొదటిది దశ, రెండవది కార్యము. కార్యమైనప్పుడు దానికి గడువును, ఫలమును, జయాపజయములును ఏర్పడుట సహజము. మేము చర్చింపబోవు పోటీ ఈ రెండవ భావమునకు పరాకాష్ఠ.

ఇక పోటీ నిర్మాణము. ప్రతి భాగమునకును ప్రాణప్రదమైనది త్రాసు నెక్కు ఘట్టము. వెనుకటి వారపు బరువు తెరమీద కనిపించును. అంకెలు పైకి క్రిందికి కదలుచుండును. వాద్యము లుత్కంఠను పెంచును. పిమ్మట క్రొత్త బరువు నిలుచును. మన రంగస్థలమున తులాభారఘట్టము నెఱిగినవారికి ఈ యుత్కంఠ క్రొత్తది గాదు. అచ్చట తూగినది భక్తి. ఇచ్చట తూగునది మాంసము. అది యట్లుండ, ఈ ఘట్టమున ప్రేక్షకుడు నేర్చుకొను పాఠమేమనగా, వారము అనునది బరువు తగ్గుటకు సహజమైన కొలత యనుట. ఒక వారమున నాలుగు కిలోలు తగ్గినవాడు సిగ్గుతో తలవంచుకొనుట, సహచరులు ఓదార్చుట ఆ తెరపై సామాన్యదృశ్యము. వైద్యులు సామాన్యముగా సూచించునది వారమునకు అర కిలో మొదలు ఒక కిలో వరకు మాత్రమే.

ఆ వారము కూడ నిక్కమైన వారమా యనునది సందేహాస్పదము. పోటీలో పాల్గొన్నవారు కొందరు తరువాతి కాలమున, తెరపై వారముగా చూపబడినది చిత్రీకరణలో ఒక్కొక్కప్పుడు ఏడు దినములకు మించియుండెనని చెప్పియున్నారు. త్రాసు నెక్కుటకు ముందు నీరు త్రాగుట మానితిమని చెప్పినవారును కలరు. మొదటి పోటీలో నెగ్గిన వ్యక్తి తాను ఉపవాసముచేతను, నీరు మానుటచేతను దేహమును శుష్కింపజేసికొంటినని బహిరంగముగా ఒప్పుకొని, పిమ్మట పోయిన బరువులో అధికభాగము మరల వచ్చెనని తెలిపెను. మొదటివారపు అంకెలు అంత పెద్దవిగా నుండుటకు వేరొక కారణము కూడ కలదు. ఆహారము తగ్గిన తొలిదినములలో దేహము కాలేయమునందును, కండరములయందును దాచుకొన్న గ్లైకోజెన్‌ను ఖర్చు చేయును. ఒక్కొక్క గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు మూడు గ్రాముల నీరు ముడిపడియుండును. గ్లైకోజెన్ తరుగగా ఆ నీరును పోవును. త్రాసుకు నీటికిని కొవ్వునకును భేదము తెలియదు. రెండవ వారమున అంకె చిన్నదగుట దేహధర్మము; తెరపై అది ఉత్సాహలోపముగా పరిణమించును.

ఇచ్చట మేము ఒక న్యాయమును పాటింపవలసియున్నది. అత్యాశను ఈ కార్యక్రమమే సృష్టించినదని చెప్పుట సత్యము గాదు. అది ప్రారంభమగుటకు ఏడేండ్లు ముందుగా, 1997లో, గేరీ ఫాస్టర్, థామస్ వాడెన్ మొదలగువారు ప్రకటించిన యొక పరిశోధన ఈ విషయమున మిక్కిలి విలువైనది. సగటున 99 కిలోల బరువుగల 60 మంది స్త్రీలను, చికిత్సకు ముందు, మీరు ఎంత బరువునకు దిగదలచితిరని వారడిగిరి. సగటు సమాధానము, ఉన్న బరువులో నూటికి 32 పాళ్లు తగ్గవలెనని. ఇంకను, ఏ బరువు కలలోని బరువు, ఏది సంతోషకరము, ఏది అంగీకరింపదగినది, ఏది నిరాశాజనకము అని కూడ విడివిడిగా చెప్పించిరి. 25 కిలోలు తగ్గుట వారి దృష్టిలో అంగీకరింపదగినది మాత్రమే. 17 కిలోలు తగ్గుట నిరాశాజనకము. 48 వారముల చికిత్స యనంతరము వారు సగటున 16 కిలోలు తగ్గిరి. వైద్యుల లెక్కలో అది ఘనవిజయము. కాని ఆ స్త్రీలలో నూటికి 47 మంది తాము నిరాశాజనకమని ముందుగా చెప్పిన బరువునకైనను చేరలేకపోయిరి.

కావున టెలివిజన్ చేసినది ఆశను పుట్టించుట గాదు. ఉన్న యాశకు సాక్ష్యమును సమకూర్చుట. అంతకుముందు నూటికి 32 పాళ్లు అనునది ఒక కోరిక. తరువాత అది కన్నులారా చూచిన సంగతి. పోటీలో నెగ్గినవారు అంతకు మించియే తగ్గిరి. 2009లో, ఎనిమిదవ వరుసలో గెలిచిన పురుషుడు ఏడు నెలలలో 430 పౌనుల నుండి 191 పౌనులకు, అనగా సుమారు 195 కిలోల నుండి 87 కిలోలకు దిగెను. 2014 ఫిబ్రవరిలో గెలిచిన స్త్రీ 260 పౌనుల నుండి 105 పౌనులకు దిగి, శరీరభారములో ఇంచుమించు అయిదింట మూడుపాళ్లు పోగొట్టుకొన్నది. ఆమె వేదికపైకి వచ్చినప్పుడు శిక్షకుల ముఖములలోనే దిగ్భ్రాంతి కనిపించినది. మితిమీరెనను విమర్శ నాడు అమెరికా యంతట వినవచ్చినది. మితిని నిర్ణయించు సూత్రమే లేని పోటీలో మితిమీరుట ఆమె యొక్కతె దోషమెట్లగునో మాకు బోధపడదు.

ఎనిమిదవ వరుసలో పాల్గొన్న 16 మందిలో 14 మందిని ఆరు సంవత్సరముల పిమ్మట మరల పరీక్షించి, అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలకు చెందిన కెవిన్ హాల్, ఆయన సహచరులు 2016లో 'ఒబీసిటీ' పత్రికయందు ప్రకటించిన వ్యాసము ఈ చరిత్రలో కీలకమైనది. దాని యంకెలను మేము కొంత విపులముగా ఇచ్చుచున్నాము. ఏలన లోకమున ఈ వ్యాసము పేరు వినినంతగా దానిలోని విషయము తెలియలేదు. పోటీకి ముందు ఈ 14 మంది సగటు బరువు సుమారు 149 కిలోలు. 30 వారముల యనంతరము 91 కిలోలు. అనగా 58 కిలోలు తగ్గిరి. ఆరు సంవత్సరముల పిమ్మట సగటు 132 కిలోలు. పోయిన దానిలో 41 కిలోలు తిరిగివచ్చినవి. ఒక్కరు తప్ప అందరును కొంతకు కొంత తిరిగి పొందిరి. అయిదుగురు మొదటి బరువునకు ఇంచుమించుగా చేరిరి, లేదా దానిని దాటిరి.

బరువుకంటె ఆశ్చర్యకరమైనది శక్తివ్యయము. మనుష్యుడు ఏ పనియు చేయక విశ్రమించియున్నప్పుడు కూడ శ్వాసమునకును, హృదయస్పందనమునకును, మెదడు పనికిని దేహము శక్తిని వెచ్చించుచునే యుండును. దీనిని విశ్రాంతివ్యయ మందము. ఈ 14 మందికి పోటీకి ముందు అది దినమునకు సగటున 2,607 కేలరీలు. 30 వారముల తరువాత 1,996. దేహము చిన్నదైనప్పుడు ఖర్చు తగ్గుట సహజమే. కాని ఆరేండ్ల పిమ్మట, బరువులో అధికభాగము తిరిగివచ్చిన తరువాత, విశ్రాంతివ్యయము తిరిగి పెరుగలేదు. 1,903 కేలరీలకు ఇంకను దిగినది. అంతటి దేహము, అంతటి వయస్సుగల మనుష్యునకు ఉండవలసిన వ్యయముకంటె అది దినమునకు సగటున 499 కేలరీలు తక్కువ. ఒక పూట భోజనమునకు సమానమైన శక్తిని ఆ దేహములు ప్రతిదినము మిగుల్చుకొనుచున్నవి. అదే సమయమున ఆకలిని అణచు లెప్టిన్ అను హార్మోను కూడ తగ్గియే యున్నది. 1994లో కనుగొనబడిన యీ హార్మోను కొవ్వుకణములనుండి వెలువడి, నిలువలు చాలినవని మెదడునకు తెలుపునది. పోటీ ముగియునప్పటికి అది రక్తమున మొదటి పరిమాణములో పదునాఱవ వంతునకు పడిపోయినది. ఆరేండ్లకు మొదటి పరిమాణములో మూడింట రెండు వంతులవరకే చేరుకొన్నది. ఆకలి హెచ్చు, ఖర్చు తక్కువ. పోటీలో గెలిచినవారు మరల లావెక్కిరని నవ్వినవారు ఈ రెండంకెలను చూచియుండరు.

ఇట్టి మార్పు పూర్వమెఱుగనిదియు గాదు. 1944-45లలో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్, యుద్ధమునకు పోవ నిరాకరించిన 36 మంది యువకులను స్వచ్ఛందముగా అర్ధోపవాసమున నుంచి పరీక్షించెను. 24 వారములలో వారు శరీరభారములో నాల్గవవంతు కోల్పోయిరి. విశ్రాంతివ్యయము నూటికి సుమారు 40 పాళ్లు తగ్గినది. ఆహారమును గూర్చిన చింత వారిని రాత్రింబవళ్లు వదలలేదు. 1950లో రెండు సంపుటములుగా వెలువడిన ఆ పరిశోధన కఱవు పీడితులకు సాయము చేయుటకై సంకల్పింపబడినది. కఱవును బ్రతికి బయటపడుటకు దేహము నేర్చిన విద్య సమృద్ధిలో అవరోధమగుచున్నది.

అయితే 2016 నాటి వ్యాసము వెలువడిన పిమ్మట పత్రికలలో వేరొక కథ పుట్టినది. త్వరగా తగ్గినందున వారి శక్తియంత్రము చెడిపోయెననియు, చెడినందుననే బరువు తిరిగివచ్చెననియు ఆ కథ. ఇది వినుటకు సొంపుగా నున్నది కాని, మూలవ్యాసము దీనిని సమర్థింపదు. పోటీ ముగిసిననాడు ఎవరి వ్యయము ఎక్కువగా మందగించెనో వారే తరువాత ఎక్కువగా లావెక్కిరను సంబంధము అందు కనబడలేదు. అంతేగాక, ఆరేండ్ల తరువాత ఎవరు ఎక్కువ తగ్గుదలను నిలుపుకొనిరో వారి వ్యయమే ఎక్కువగా మందగించి యున్నది. 2022లో హాల్ తన ఫలితములను మరల వ్యాఖ్యానించుచు, ఈ మందగమనము ఉపవాసమునకంటె అధికవ్యాయామమునకు దేహము చూపిన ప్రతిక్రియ కావచ్చునని ప్రతిపాదించెను. బరువును నిలుపుకొన్నవారిని, కోల్పోయినవారిని పోల్చిన 2017 నాటి వ్యాసము, వారి యాహారములో పెద్ద భేదము లేదనియు, మొదటివారు పోటీకి పూర్వముకంటె శారీరకశ్రమను నూటికి 160 పాళ్లు, రెండవవారు 34 పాళ్లు పెంచుకొనిరనియు తేల్చినది. అనగా నిలుపుకొన్నవారు అలసట యెఱుగని దేహములు గలవారు కారు. మందగించిన యంత్రముతోనే ప్రతిదినము శ్రమించుచున్నవారు. ఒక యసత్యకథను ఖండించుటకై వేరొక యసత్యకథను స్వీకరించుట పరిశోధకునకు తగదు. అందుచేత దీనిని ఇంతగా చెప్పవలసివచ్చినది.

ఇక చూపరుల సంగతి. 2012లో వెలువడిన యొక పరిశోధనలో 59 మందిని రెండు భాగములుగా విభజించి, ఒక భాగమునకు ఈ పోటీలోని యొక ప్రసారమును, రెండవ భాగమునకు ప్రకృతిని గూర్చిన యొక కార్యక్రమమును చూపిరి. పోటీని చూచినవారిలో స్థూలకాయులయెడ అయిష్టము హెచ్చినది; బరువు మనిషి స్వాధీనములో నున్నదను విశ్వాసమును బలపడినది. ఇది చిన్నపరిశోధన, ఒక్క ప్రసారపు తక్షణఫలితమును మాత్రమే తెలుపునది. అయినను దాని దిశ మాకు సత్యముగా తోచుచున్నది. ముప్పది వారములలో 58 కిలోలు తగ్గుట సంకల్పబలముచే సాధ్యమని చూచినవానికి, తగ్గనివాడు సంకల్పహీనుడుగా కనబడక తప్పదు. అద్దమున చూచుకొన్నప్పుడు తానును అట్లే కనబడును.

లెక్క కూడ ఈ భ్రమకు తోడ్పడినది. ఒక పౌను కొవ్వునకు 3,500 కేలరీలను సూత్రమును 1958లో మాక్స్ విష్నోఫ్‌స్కీ యను న్యూయార్కు వైద్యుడు ప్రకటించెను. దినమునకు 240 కేలరీలు తగ్గించినచో, ఈ సూత్రము ప్రకారము ఏటికి 11 కిలోలు, మూడేండ్లకు 34 కిలోలు పోవలెను. ఇంకను కొన్నేండ్లు సాగించినచో మనుష్యుడే మిగులడు. గుణకారమున దోషములేదు, దేహము గుణకారమును పాటింపదు. దేహము చిన్నదగుకొలది ఖర్చు తగ్గుచు, గీత సరళరేఖగా సాగక వంగిపోవును. 2011లో 'లాన్సెట్' పత్రికయందు హాల్ ప్రభృతులు నిర్మించిన గణితరూపము ప్రకారము, దినమునకు 24 కేలరీలు శాశ్వతముగా తగ్గించినచో తుదకు తగ్గునది ఒక కిలో. అందు సగము మొదటి సంవత్సరమున, ఇంచుమించు మొత్తము మూడు సంవత్సరములకు. అట్లైన 240 కేలరీల మార్పునకు మొదటి యేట 5 కిలోలు, తుదకు 10 కిలోలు. అంతటితో నిలుచును. నిలిచిన చోటును ఓటమిగా చూచుటయే వారపు త్రాసు నేర్పిన యలవాటు.

పోటీదారుల సగటు 149 కిలోల నుండి ఆరేండ్లకు 132 కిలోలని పైన చెప్పితిమి. భేదము 17 కిలోలు. 1997లో ఆ 60 మంది స్త్రీలు నిరాశాజనకమని పేర్కొన్న యంకెయు 17 కిలోలే. రెండును వేర్వేరు మనుష్యుల లెక్కలు. మొదటి బరువులును సమానములు కావు. ఈ సామ్యము కేవలము యాదృచ్ఛికము. అయినను మా దృష్టిని ఇది విడువకున్నది. ప్రపంచములోకెల్ల కఠినమైన బరువుపోటీ, వైద్యుల పర్యవేక్షణతో, ధనాశతో, లక్షలమంది చూచుచుండగా సాధించినది ఆరేండ్లకు మిగిల్చినది, ఒక సామాన్యస్త్రీ ఇంతేనా యని పెదవి విఱిచిన మొత్తమే. ఇంకొకవైపు నుండి చూచినచో, శరీరభారములో నూటికి 11 పాళ్లు ఆరేండ్లపాటు తగ్గియుండుట వైద్యశాస్త్రమున చిన్నసంగతి గాదు. అమెరికాలో 2002లో ప్రకటింపబడిన మధుమేహనివారణ పరిశోధనలో 3,234 మంది పాల్గొనిరి. అందు ఆహారవ్యాయామముల బృందమునకు లక్ష్యము నూటికి 7 పాళ్లు మాత్రమే. వాస్తవముగా తగ్గినది సగటున 5.6 కిలోలు. అంతమాత్రమునకే మధుమేహము సోకుట నూటికి 58 పాళ్లు తగ్గినది. చెన్నైలో ఎ. రామచంద్రన్ ప్రభృతులు 531 మందిపై చేసి 2006లో ప్రకటించిన పరిశోధన ఇంకను విచిత్రమైనది. అచ్చట బరువు చెప్పుకోదగినంతగా తగ్గకయే, ఆహారవ్యాయామముల మార్పుచే మధుమేహము నూటికి 28 పాళ్లకు పైగా తగ్గినది. త్రాసు చెప్పని మేలు ఒకటి కలదని దీనిచే తెలియుచున్నది.

ఇందు ఆక్షేపణ కొకటి కలదు. దానిని దాచుట న్యాయము గాదు. పెద్దయాశ పెట్టుకొన్నవారు త్వరలో విసిగి చికిత్సను విడుతురను మాటను అందరును అనుచుందురు. 2005లో ఇటలీలో జరిగిన యొక పరిశోధన దీనిని సమర్థించినది. కాని 2013లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వెలువడిన యొక సమీక్ష ఈ మాటను నిరూపణలేని యపోహలలో చేర్చినది. పెద్దలక్ష్యములు గలవారు కొన్నిచోట్ల మెఱుగుగా తగ్గిరని కూడ చూపినది. త్వరగా తగ్గినది త్వరగా తిరిగివచ్చుననుటయు అపోహయే యని ఆ సమీక్ష చెప్పినది. మాకు తోచినంతవరకు ఈ విరోధము పైపైది. లక్ష్యము ఎత్తుగా నుండుట వేరు, ఫలమును ఏ కొలతతో తూచుదుమనుట వేరు. మేము దోషమనుచున్నది రెండవదానియందు.

మాకు పరిచితుడైన యొక యుపాధ్యాయుడు, మధుమేహము పొడసూపిన పిమ్మట వైద్యుని మాటమీద రాత్రి యన్నమును తగ్గించి, ఉదయము నడక నారంభించి, ఏడాదిలో 94 కిలోల నుండి 87 కిలోలకు దిగెను. రక్తమున చక్కెర అదుపులోనికి వచ్చినది. మోకాళ్ల నొప్పి తగ్గినది. అయినను ఆయన మాతో, "ఏమి తగ్గితిని లెండి! టీవీలో వాళ్లు రెండు వారములలో తగ్గునంత" అనెను. ఆ మరుసటి మాసమున నడక మానెను. ఆయనకు ఎవరును అసత్యము చెప్పలేదు. ఆయన చూచినది నిజముగా జరిగినదే. చూడనిది ఆరవ సంవత్సరము.

తెలుగుదేశమున ఈ విషయము కథావస్తువైన సందర్భము కలదు. 2015లో కోవెలమూడి ప్రకాశ్ దర్శకత్వమున వచ్చిన 'సైజ్ జీరో' చిత్రమున, స్థూలకాయురాలైన నాయిక, త్వరితముగా సన్నబరచెదమని ఆశచూపు వ్యాపారసంస్థ నెదిరించును. ఆ పాత్రకై అనుష్క తాను బరువు పెరిగి నటించెను. చిత్రపు గుణాగుణములు మాకు ప్రస్తుతము కావు. వాణిజ్యచిత్రమున లావైన స్త్రీ హాస్యపాత్రగా గాక నాయికగా నిలిచి, తగ్గుటకంటె మోసమును బయటపెట్టుట కథాఫలమగుట గమనింపదగినది. మన నగరములలో గోడలమీద, దినపత్రికలలో, ఇప్పుడు చేతిఫోనులలో కనబడు ప్రకటనలు మాత్రము మునుపటి వలెనే రెండు ఛాయాచిత్రములను ప్రక్కప్రక్కన నిలుపుచున్నవి: పూర్వము, అనంతరము. ఈ జంటచిత్రమున మూడవ దానికి చోటులేదు. కథాశాస్త్రమును చదివిన విద్యార్థి ఈ లోపమును వెంటనే గుర్తించును.

2025లో ఈ పోటీని గూర్చియే నెట్‌ఫ్లిక్స్‌లో మూడు భాగముల వృత్తచిత్రము వెలువడి, పూర్వపు పోటీదారులను, శిక్షకులను, నిర్మాతలను మాట్లాడించినది. ఒకవిధముగా అది పూరింపబడిన మూడవచిత్రము. కాని దానిని చూచినవారి సంఖ్యతో, మొదటి రెండు చిత్రములను చూచినవారి సంఖ్యను పోల్చుట కష్టము.

ఇప్పుడు ఔషధముల కాలము వచ్చినది. వారమున కొకమారు సూదిద్వారా తీసికొను సెమాగ్లుటైడ్‌ను 1,961 మందిపై పరీక్షించి 2021లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, 68 వారములలో సగటు తగ్గుదల నూటికి 14.9 పాళ్లు. పూర్వపు ఆహారవ్యాయామపద్ధతులలో పెక్కు దీనికి సాటిరావు. అయినను 1997లో ఆ స్త్రీలు కోరిన 32 పాళ్లలో ఇది సగమునకు కొంచెము తక్కువయే. ఔషధమును నిలిపిన వారిలో కొందరిని మరియొక యేడాది గమనింపగా, తగ్గిన దానిలో మూడింట రెండువంతులు తిరిగివచ్చినట్లు 2022లో తేలినది. ఆ సూదిని గూర్చి నేడు మన పట్టణములలో చెప్పుకొను ముచ్చటలలో వినవచ్చు నంకెలు మాత్రము వారములకు, కిలోలకు సంబంధించినవే.